పొరుగువాని ద్రాక్షతోటలో

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 23:24, 25, యెహోషువ 9వ అధ్యాయము, లూకా 6:1-5



గడచిన నెలలో ఒక సాయంకాలమున మా సంఘములోని సహోదరి యొకతె తన కుమారుని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. ఆమె మిరపకోతలకు పోయి కష్టపడునది. భర్త హైదరాబాదులో తాపీపనికి పోయియున్నాడు. కుమారుడు ఇంటరు రెండవ సంవత్సరము చదువుచున్నాడు. ఆమె చేతిలో పొదుపు సంఘపు పాసుపుస్తకముండెను. కూర్చుండుమని చెప్పినను కూర్చుండక, గుమ్మములోనే నిలిచి యిట్లనెను:

“అయ్యగారూ, మావోడు ఆట ఫ్రీ అన్నాడండీ. ఫ్రీ అయితే నా డబ్బులు ఎట్టా పోయినయ్యి?”

సంగతి యేమనగా, ఆ చిన్నవాడు వీడియో ఆటల చందా ఒకటి పుచ్చుకొనెను. నెలకింత అని చెల్లించినయెడల అనేకమైన ఆటలు తెరచి ఆడుకొనవచ్చును. క్రొత్తగా చేరువానికి మొదటి నెల ఊరకనే యిత్తురు. దీనినే ఫ్రీ ట్రయల్ అందురు. నెల గడచినప్పుడు అతడు చందా కట్టలేదు, మానుకొననూలేదు. క్రొత్త ఈమెయిలు ఒకటి తెరచి, తండ్రి పాత ఫోను నంబరు పెట్టి, మరల క్రొత్తవానివలె చేరెను. ఆ నెల గడచిన తరువాత నాయనమ్మ నంబరుతో చేరెను. నాల్గవ మారు ఆ కంపెనీ యూపీఐ ఆటోపే అనుమతి యడిగెను. తల్లి ఫోను అందుబాటులో నున్నది, ఆమె పిన్ను ఇతనికి తెలియును, నొక్కెను. అంతలో పరీక్షలు వచ్చినవి, తేదీ మరచిపోయెను. సొమ్ము తీసికొనుటకు ముందు దినమే సమాచారము వచ్చినది గాని అది ఇంగ్లీషులో నున్నది; ఆమె ఇంగ్లీషు చదువనేరదు. మరునాడు 499 రూపాయలు ఖాతాలోనుండి పోయినవి. వారము చివర పొదుపు సంఘపు వాయిదా కట్టవలసిన దినమున అంతమేరకు తక్కువ పడినది. తోటి ఆడవారు తలాకొంచెము వేసి నింపిరి. సొమ్ము పోయినదానికంటె వారందరి యెదుట తల వంచుకొనవలసి వచ్చినదే ఆమెకు ఎక్కువ బాధగా నుండెను.

నేను చిన్నవానివైపు చూచితిని. అతడు నేల చూచుచునే, “అందరూ అట్టానే చేస్తన్నారయ్యగారూ. కంపెనీవోళ్లకి కోట్లున్నయ్యి. నేను ఇంకో నెల ఆడుకుంటే వాళ్లకేం తగ్గిద్ది?” అనెను.

నేను కోపపడి, అది దొంగతనమని చెప్పి పంపివేసితిని. వారు వెళ్లిన తరువాత నా మనస్సు నెమ్మదిగా నుండలేదు. ఏలయనగా ఆ చిన్నవాడు అడిగినది తెలివితక్కువ ప్రశ్న కాదు. ఊరకనే యిచ్చినదానిని ఊరకనే పుచ్చుకొనుట దొంగతనమెట్లగును? నాకు ఈ ఆటల జ్ఞానము లేదు. కాలేజీలో చదువుచున్న నా కుమార్తెను కూర్చుండబెట్టుకొని రెండు మూడు రాత్రులు అడిగి తెలిసికొంటిని. ఆ చిన్నవానికి నేను బాకీపడిన జవాబే యీ పాఠము.

పైన చెప్పిన ద్వితీయోపదేశకాండములోని రెండు వచనములను తెరచి చూడుడి. దారిన పోవువాడు పొరుగువాని ద్రాక్షతోటలో ప్రవేశించి కడుపునిండ తినవచ్చునని ధర్మశాస్త్రము సెలవిచ్చుచున్నది. తోటవాని అడుగవలెనని చెప్పలేదు, ఇన్ని గుత్తులని లెక్క పెట్టలేదు. అయితే పాత్ర తెచ్చి అందులో నింపుకొనిపోరాదు. అట్లే పంటచేనిలో చేతితో వెన్నులు త్రుంచుకొనవచ్చును గాని కొడవలి పెట్టరాదు. లూకా సువార్తలో ప్రభువు శిష్యులు వెన్నులు త్రుంచి చేతులతో నలుపుకొని తినినప్పుడు, ప్రతిదానికిని తప్పు వెదకుచుండిన పరిసయ్యులు సైతము అది దొంగతనమని అనలేదు. విశ్రాంతిదినమున చేయరాని పని చేసిరనియే వారి ఫిర్యాదు. రుచి చూచుట నేరము కాదని శత్రువులకు కూడ తెలియును. మన యూళ్లలోను అంతే గదా. వేరుశనగ చేని ప్రక్కగా పోవువాడు రెండు చెట్లు పీకి తినినయెడల రైతు పలుకడు. గోతము తీసినయెడల కేక వేయును. తినినది పిడికెడా దోసెడా అని కాదు, చేతిలో ఏమున్నదని చూచును.

ఫ్రీ ట్రయల్ అనునది అట్టి తోట. కంచె తీసి పిలుచువాడు తోట యజమానుడే గనుక దానిలో ప్రవేశించుటకు సిగ్గుపడవలసిన పని లేదు. బీదవాని బిడ్డలకు ఇది మేలు కూడను. వేలకొలది రూపాయలు పెట్టి ఒక ఆట కొని, అది తన కంప్యూటరులో నడువదని తరువాత తెలిసికొనుటకంటె, ముందుగా ఊరక ఆడి చూచుకొనుట వివేకము.

ఈ యాచారము క్రొత్తది కాదు. 1987లో అమెరికా దేశపు టెక్సాసులో స్కాట్ మిల్లర్ అనునతడు ‘క్రోజ్’ అను తన ఆటలో మొదటి భాగమును ఊరకనే పంచిపెట్టి, మిగిలిన భాగములు కావలెనన్నవారికి వెలకు పంపసాగెను. దానిని షేర్‌వేర్ అనిరి. 1993 డిసెంబరు 10వ తేదీన ఇడ్ సాఫ్ట్‌వేర్ అనువారు ‘డూమ్’ అను ఆటను ఆలాగే విడుదల చేసిరి. మూడు భాగములలో మొదటి భాగము, తొమ్మిది అంతస్తులు, ఎవరైనను ఊరక ఆడవచ్చును. స్నేహితులకు నకలు తీసి యివ్వవచ్చును కూడ. తక్కిన రెండు భాగములకు సొమ్ము పంపవలెను. (ఆ ఆట మిక్కిలి రక్తపాతముతో కూడినది గనుక పిల్లలకు దానిని సిఫారసు చేయుటలేదు, పంచిన విధానమును మాత్రమే చెప్పుచున్నాను.) తోట యజమానుడు తానే ఒక వరుస చెట్లను దారిన పోవువారికి విడిచిపెట్టినట్లు అది యుండెను. నమ్మి విడిచిరి, ఆ నమ్మకముమీదనే వర్తకము నడచెను.

ఇప్పుడు ఆ చిన్నవాని ప్రశ్నకు వత్తము: వారికి ఏమి తగ్గును?

కంప్యూటరు ఆటలు అమ్ము ‘స్టీమ్’ అను పెద్ద అంగడి యొకటున్నది, వాల్వ్ అనువారిది. 2015 జూనులో వారొక నియమము పెట్టిరి. కొనిన పదునాలుగు దినములలోగా, ఆడిన కాలము రెండు గంటలు దాటకున్నయెడల, కారణమేదైనను సొమ్ము వాపసు అడుగవచ్చును. ఇది పేరుకు ట్రయల్ కాదు గాని అనేకులు దానిని ట్రయలువలెనే వాడుకొనుచున్నారు. ఊరక ఆటలు సంపాదించుటకు ఇది మార్గము కాదనియు, దుర్వినియోగము కనబడినయెడల ఆ సదుపాయము తీసివేయవచ్చుననియు అదే నియమములో వ్రాసిరి. తగ్గింపు ధర రాకమునుపు కొనినవాడు దానిని వాపసు చేసి మరల తగ్గింపు ధరకు కొనుక్కొనినయెడల దానిని దుర్వినియోగముగా ఎంచమనియు చెప్పిరి. చూచితిరా, వారి కొలత ఎంత విశాలముగా నున్నదో!

2021లో ఏమి జరిగెననగా: ఎమికా గేమ్స్ అను పేరుతో ఆటలు చేయు చిన్న సృష్టికర్త యొకడు ‘సమ్మర్ ఆఫ్ 58’ అను ఆటను ఆ యంగడిలో పెట్టెను. అది చిన్న ఆట. రెండు గంటలలోపుననే ముగియును. కొనినవారిలో ఎక్కువమంది మెచ్చుకొనిరి. మెచ్చుకొనినవారిలోనే అనేకులు కడవరకు ఆడి ముగించి, రెండు గంటలు దాటలేదు గనుక సొమ్ము వాపసు తీసికొనిరి. తరువాతి ఆట చేయుటకు తనకు సొమ్ము మిగులలేదనియు, ఆటలు చేయు పనిని కొంతకాలము, ఎంతకాలమో చెప్పలేననియు, విడిచిపెట్టుచున్నాననియు అతడు ప్రకటించెను. నియమము మీరినవాడు వారిలో ఒక్కడును లేడు! రెండు గంటలనగా రెండు గంటలే. అయినను తోట ఖాళీ అయ్యెను. కోట్లున్న కంపెనీ అని మనమనుకొను తోటలలో ఇట్టి అర ఎకరపు రైతులు కూడ నున్నారు. మీద బోర్డు మాత్రము పెద్ద అంగడివానిదిగా నుండును. మన మిరప రైతుకు యార్డులో జరుగునది చూచినవారికి ఇది నేను విప్పి చెప్పనక్కరలేదు.

మరియొక నష్టమున్నది, అది మన వెనుక వచ్చువానికి కలుగునది. ఇక్కడ నా సొంత తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. సెమినరీలో చదువు దినములలో నేనును నా స్నేహితులును పట్టణములోని ఒక పుస్తకాల అంగడికి శనివారము శనివారము పోయి, నిలువుకాళ్లమీదనే పత్రికలు మొదటినుండి కడవరకు చదివి, ఏమియు కొనక వచ్చెడివారము. అంగడివాడు మంచివాడు, ఏమియు అనెడివాడు కాదు. ఒక సంవత్సరమైన తరువాత పోయి చూడగా పత్రికలన్నిటికిని పాలిథీను కవరులు తొడిగియుండెను. మేము సెలవులకు పోయిన తరువాత అక్కడికి వచ్చిన పల్లెటూరి పిల్లవాడెవడో, నిజముగా కొనదలచి ఒక పుట తిప్పి చూడగోరినవాడు, ఆ కవరును చూచి తిరిగిపోయియుండును. వానికి మేమెవరమో తెలియదు.

ఆటల లోకములో ఇట్టి కవరులు చాల పడినవి. ‘ఫైనల్ ఫాంటసీ 14’ అను ఆటను చేయు స్క్వేర్ ఎనిక్స్ వారు 2023లో తమ ఉచిత భాగమును 70వ స్థాయివరకు పెంచిరి, దినముల గడువు లేకుండ. ఇది మిక్కిలి ధారాళమైన ఈవి. అయితే ఊరక ఆడువాడు ఆ సంతలో అమ్మరాదు, ఇతరులకు తానుగా ప్రత్యేక సందేశము పంపరాదు, ఆట సొమ్ము మూడు లక్షలకు మించి ఉంచుకొనరాదు అని కట్టడులుండెను. ఎందుకనగా ఉచిత ఖాతాలను గుంపులుగా తెరచి, యంత్రములచేత ఆడించి, ఆట సొమ్మును నిజమైన రూకలకు అమ్ముకొను వర్తకులు ఈలాటి ఆటలన్నిటికిని చీడవంటివారు. స్నేహితునితో కలిసి ఆడగోరు నిరపరాధియైన పిల్లవాడు ఆ చీడకు కట్టిన కంచెలో చిక్కుకొనుచున్నాడు. స్టీమ్ వారును 2024 ఏప్రిలులో తమ కంచెను కొంత ఎత్తు చేసిరి: విడుదల దినమునకు ముందుగా ఆడనిచ్చు ఆటలలో ఆ ముందు గంటలు అంతవరకు లెక్కకు వచ్చెడివి కావు, అప్పటినుండి లెక్కకు చేర్చిరి. కొందరు పదుల గంటలాడి సొమ్ము వాపసు అడుగుటకు ఆ సందు వీలిచ్చెను మరి.

ఇక మా చిన్నవాడు చేసిన పనికి వత్తము. రెండు గంటల సంగతి సందేహాస్పదమైనదైనను ఇది అట్టిది కాదు. యెహోషువ గ్రంథములోని గిబియోనీయులను జ్ఞాపకము చేసికొనుడి. వారు పొరుగునే యుండువారు. అయినను పాత గోనెలు, చినిగి కుట్టిన ద్రాక్షారసపు సిద్దెలు, మాసికలు వేసిన చెప్పులు, బూజు పట్టిన రొట్టెలు సిద్ధపరచుకొని, బహు దూరమునుండి క్రొత్తగా వచ్చినవారివలె కనబడిరి. దూరపువారికి మాత్రమే దొరకు నిబంధనను ఆ వేషముతో సంపాదించిరి. మూడు దినములైన తరువాత వారు ఇరుగుపొరుగువారేయని తెలిసెను. ఇశ్రాయేలీయులు ప్రమాణము తప్పలేదు, వారిని చంపలేదు. అయితే కట్టెలు నరకువారిగాను నీళ్లు చేదువారిగాను వారు నిలిచిపోయిరి. క్రొత్త ఈమెయిలు, నాయనమ్మ నంబరు, తప్పుడు పుట్టిన తేదీ, ఇవన్నియు బూజు పట్టిన రొట్టెలే. మొదటి నెల అతడు చేతితో త్రుంచుకొని తినెను. దానిలో నేరము లేదు. రెండవ నెల తండ్రి పేరును పాత్రగా తెచ్చెను. నేను కోపములో రెంటిని కలిపి దొంగతనమంటిని. అది నా పొరపాటు.

అతనికి తెలియక తప్పించుకొనిన అపాయములు కూడ ఉన్నవి. ట్రయల్ గడువును మరల మొదటికి తిప్పుదుమని చెప్పు ప్రోగ్రాములు, తాళము విరిచిన ఆటలు ఇంటర్నెట్టులో దొరకును. వాటిలో సంకేతపదములు దొంగిలించు దుష్ట ప్రోగ్రాములు దాగియుండుట సామాన్యము. సగము ధరకు ఖాతాలమ్ముదుమనువారి దగ్గర కొనిన ఖాతా దొంగిలింపబడిన కార్డుతో తెరచినదై యుండవచ్చును. అప్పుడు ఖాతా మూయబడును, దానిలో సొంత సొమ్ముతో కొనినదంతయు పోవును. ఏ ఫోనులో పొదుపు సంఘపు సొమ్మున్నదో ఆ ఫోనులో ఇట్టివాటిని ఎక్కించుట, ధాన్యపు కొట్టు తలుపు తీసి ఎలుకను పిలుచుటయే.

తోట యజమానులు మాత్రము నీతిమంతులని నేననలేదు. లోనికి పోవు ద్వారము విశాలముగా నుంచి, వెలుపలికి వచ్చు ద్వారమును తీగల చాటున దాచువారున్నారు. ఊరక యిచ్చు నెలకు సొమ్ము తీసికొను అనుమతి ముందుగానే ఎందుకు? మరచిపోవువారి మరపే వారి ఆదాయము. అమెరికాలో ‘ఫోర్ట్‌నైట్’ ఆటను నడుపు ఎపిక్ గేమ్స్ వారు ఆడువారిచేత, పిల్లలచేత, ఉద్దేశింపని కొనుగోళ్లు చేయించిరని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నేరము మోపగా, 24 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించుటకు వారు 2022 డిసెంబరులో ఒప్పుకొనిరి. మన దేశమున కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30వ తేదీన పదమూడు విధములైన మోసపు పద్ధతులను పేర్కొని నిషేధించెను. వాటిలో చందా ఉచ్చు ఒకటి. చందా మానుకొను మార్గమును దాచుట, ఉచిత చందాకు సొమ్ము వివరములనో ఆటోపే అనుమతినో బలవంతముగా అడుగుట దానిక్రిందికి వచ్చును. ఇట్టి ఫిర్యాదులు 1915 అను నంబరుకు చెప్పుకొనవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును.

తలిదండ్రులకు రెండు మాటలు. ఫోనులోనుండి ఆటను తీసివేసినంతమాత్రమున చందా ఆగదు! ఇది చాలమందికి తెలియదు. ఆండ్రాయిడ్ ఫోనులలో ప్లే స్టోరునందు చందాలని వేరుగా ఒక చోటున్నది. అక్కడ రద్దు చేయవలెను. యూపీఐ ద్వారా ఇచ్చిన అనుమతియైతే, మీరు సొమ్ము పంపు ఆ యాప్‌లోనే ఆటోపే అను చోట కనబడును, అక్కడనే తీసివేయవచ్చును. ఆపిల్ ఫోనులలో గడువుకు కనీసము ఒక దినము ముందుగా రద్దు చేయవలెను. ట్రయల్ మొదలుపెట్టిన దినముననే గోడమీది క్యాలెండరులో ముగియు తేదీకి రెండు దినములు ముందుగా గుర్తు పెట్టుడి, పిల్లవానిచేతనే పెట్టించుడి. మీ పిన్ను మీ బిడ్డకు తెలిసియున్నయెడల ఈ రాత్రియే మార్చుకొనుడి. బిడ్డమీద నమ్మకము లేక కాదు; పదునేడేండ్లవాని చేతికి ఆటయు ఖజానా తాళపుచెవియు ఒక్కసారి ఇయ్యరాదు. యౌవనస్థులారా, ఊరక ఆడి చూచిన ఆట బాగున్నదా? కొనుటకు సొమ్ము లేకున్నయెడల బాగున్నదని నాలుగు మాటలు నిజముగా వ్రాయుడి. చిన్న తోటవానికి అదియు కూలియే. బాగులేకున్నయెడల ఏల బాగులేదో వ్రాసి, ద్వారము మూసి వచ్చివేయుడి.

ఈ సంగతులు తెలిసికొనిన తరువాత నేనే వారి యింటికి పోయి, నా కోపమును గూర్చి క్షమాపణ చెప్పితిని. ఆటోపే అనుమతిని ముగ్గురము కూర్చుండి తీసివేసితిమి. సొమ్ము వాపసు అడుగుదమా అని ఆ తల్లి నన్నడిగెను. ఇక్కడ నేను కొంత తడవు ఆలోచించితిని. ఆమె ఏ తప్పును చేయలేదు, ఆమె అనుమతి ఎవరును అడుగలేదు. గనుక ఆమె అడుగవచ్చును. అయితే ఉత్తరము వ్రాయవలసినవాడు కుమారుడు, తన మూడు పేర్ల సంగతి దాచి న్యాయమడిగినయెడల అది నాల్గవ వేషమగును. అతడు సగము దినము ఏమియు మాటలాడలేదు. సాయంకాలము వ్రాసి తెచ్చెను. మూడు ఖాతాలు తానే తెరచితిననియు, వాటిని మూసివేయుచున్నాననియు, తల్లి సొమ్ము మాత్రము తిరిగి యిప్పించుడనియు అందులో నుండెను. ఇచ్చెదరో ఇయ్యరో, ఇది వ్రాయునాటికి జవాబు రాలేదు. సెలవు దినములలో అతడు మిరప కల్లములో తొడిమలు తీయుటకు పోవుచున్నాడు. పొదుపు సంఘములోని వారికి ఎవరెంత వేసిరో అడిగి వ్రాసికొనెను.

రెండు ఖాతాలు మూసినాడు. మూడవది నాయనమ్మ పేరున నున్నది. దానిని మూయుటకు ఆమె ఫోనుకు వచ్చు అంకెలు కావలెను, అనగా ఆమెకు సంగతి చెప్పవలెను. తన పేరు ఎక్కడ తిరిగివచ్చినదో ఆ ముసలామెకు నేటివరకు తెలియదు. ఆదివారము ఆరాధన తరువాత చెప్పెదననియు, నేను కూడ ప్రక్కన నిలువవలెననియు అతడడిగెను. నిలిచెదనంటిని.